ఫ్రైడే హార్బర్‌లో నాన్నమ్మలు

పోయిన ఎపిసోడ్‌లో చెప్పాను కదా, ఈసారి మ్యూజియం కబుర్లు.

మా అమ్మ విజయనగరం నుంచి ఆరు నెలలకని వచ్చింది. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. "సముద్రం మనకి లేదేటిరా?" అంటున్నా వినకుండా అనకోర్టెస్‌లో ఫెర్రీ ఎక్కించి శాన్ వాన్ దీవికి తీసుకెళ్ళాం. సియాటెల్ వాళ్ళకి ఒక్క మాట: వేసవిలో వెళ్తే ఫెర్రీ ముందే బుక్ చేసుకోండి.

ఫ్రైడే హార్బర్ రేవులో దిగి కాస్త నడిస్తే 'ది వేల్ మ్యూజియం'. 1892 నాటి ఆడ్ ఫెలోస్ హాలులో 1979లో పెట్టారు. చిన్నదే. మా ఆరేళ్ళవాడు అస్థిపంజరాల దగ్గర ఆగిపోయాడు. అమ్మ మాత్రం ఓర్కాల వంశవృక్షం ముందు నిలబడింది.

ఈ నీళ్ళలో తిరిగే సదరన్ రెసిడెంట్ ఓర్కాలు మూడు గుంపులు: జే, కే, ఎల్. ప్రతిదానికీ ఒక నంబరు, ఒక పేరు. అమ్మ అడిగింది, "తండ్రులేరిరా?" వంశం తల్లి పేరు మీదే సాగుతుందమ్మా, పిల్లలు బతికున్నంత కాలం తల్లితోనే ఉంటారు అన్నాను. "కొడుకులు కూడానా?" అంది. కొడుకులు కూడా అన్నాను. నా వైపు చూడలేదు.

ప్రతి గుంపుకీ సొంత యాస ఉంటుంది. పిల్లలు దాన్ని పెద్దవాళ్ళ దగ్గరే నేర్చుకుంటాయి. పిల్లల్ని కనే వయసు దాటాక కూడా ఆడ ఓర్కాలు చాలా ఏళ్ళు బతుకుతాయి. చేపలు తగ్గిన ఏడాది గుంపుని ముందుండి నడిపించేది ఎక్కువగా ఆ పెద్దవాళ్ళే. ఇప్పుడు వీటికి ముఖ్యమైన తిండి చినూక్ సాల్మన్ తగ్గిపోయింది. మూడు గుంపులూ కలిపి డెబ్బై చిల్లర మిగిలాయి.

టోకిటే సంగతి కూడా అమ్మకి చెప్పాను. 1970 ఆగస్టులో విడ్బీ దీవి దగ్గర పెన్ కోవ్‌లో వలలేసి పిల్ల ఓర్కాల్ని పట్టి అమ్మేశారు. టోకిటే వాటిలో ఒకటి. మయామీలో ఒక కొలనులో యాభై ఏళ్ళకు పైగా ఉంది. ఇంటికి తెచ్చే ప్రయత్నాలు జరుగుతుండగానే 2023 ఆగస్టులో చనిపోయింది. అమ్మ అంతా విని, "తల్లి ఎన్నాళ్ళు ఎతుక్కుందో" అంది. అంతే.

తిరుగు ఫెర్రీలో ఒక్క ఓర్కా కూడా కనబడలేదు. మావాడు రెయిలింగ్ పట్టుకుని, "ఏటి చూస్తన్నావు నాన్నమ్మా?" అన్నాడు.

ఆ "ఏటి" వాడికి నేను నేర్పలేదు. హైదరాబాద్ హాస్టల్లో నవ్వుతున్నారని పద్దెనిమిదేళ్ళప్పుడు వదిలేసిన మాట అది. అయిదున్నర నెలల్లో అమ్మ వాడికి ఇచ్చేసింది. వాడు అడిగిన ప్రతిసారీ నేను "ఏమిటి" అని దిద్దుతూ వచ్చాను. ఆ రోజు దిద్దలేదు.

మీరు కూడా ఇలా వదిలేసిన ఇంటి మాట ఏదైనా ఉంటే, మీ గొంతుతో వాయిస్ నోట్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. అమ్మ కూడా వింటానంది, విజయనగరం నుంచి.

ఉంటాను మరి.