పసుపు: నోటి నుంచి నెత్తురు దాకా



పసుపు పండించే నిజామాబాద్‌లో దాని గొప్పతనం నేను చెప్పనక్కర్లేదు. అందులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాల్ని చంపుతుందని మీలో చాలామంది వినే ఉంటారు. ప్రయోగశాలలో, గాజుపాత్రలో పెంచిన కణాల విషయంలో అది నిజం. మందుల కొలతలు తీసే మా పని మాత్రం ఇంకో ప్రశ్నతో మొదలవుతుంది. మింగినదాంట్లో రక్తంలోకి ఎంత చేరింది, ఏ రూపంలో చేరింది?

ఎలా కొలుస్తామో చెబుతాను. పరగడుపున వచ్చిన మనిషికి తూచిన మోతాదు ఇస్తాం. అరగంటకు, గంటకు, రెండు గంటలకు, అలా మర్నాటి దాకా కొద్దికొద్దిగా రక్తం తీస్తాం. వెలుతురు తగిలితే కర్క్యుమిన్ చెడిపోతుంది. అందుకని చీకటి పట్టున ఉంచి, వెంటనే ప్లాస్మా వేరుచేసి గడ్డకట్టిస్తాం. ఆ తర్వాత క్రోమటోగ్రఫీ యంత్రం ప్లాస్మాలోని పదార్థాల్ని విడదీస్తే, మాస్ స్పెక్ట్రోమీటరు అణువుల బరువును బట్టి ఏది ఏదో గుర్తుపడుతుంది. వచ్చిన అంకెల్ని గంటల వారీగా గీస్తే గీత లేచి దిగుతుంది. దాని కింది వైశాల్యమే ఒంటికి అందిన మందు లెక్క.

బ్రిటన్‌లోని లెస్టర్ పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ రోగులకు రోజుకు 3.6 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి కొలిచిన ఫలితాలు 2004లో వచ్చాయి. పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు 3 పాళ్లే. ఆ లెక్కన అది 120 గ్రాముల పసుపుతో సమానం. గంట తర్వాత రక్తంలో కనబడింది లీటరుకు దాదాపు 11 నానోమోల్స్, అంటే సుమారు 4 మైక్రోగ్రాములు. గాజుపాత్రలో కణాల మీద పనిచేయించడానికి సాధారణంగా వాడేది ఇంతకు వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు ఎక్కువ.

మిగతాదంతా ఏమైంది? చాలావరకు పేగుదాటకుండా మలంలోనే పోతుంది. లోపలికి వెళ్లిన కొద్దిదానికీ పేగు గోడా, కాలేయమూ గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేటునో తగిలించి, నీళ్లలో కరిగే సరుకుగా మార్చి బయటికి పంపేస్తాయి. అలా మారినదానికి అసలు కర్క్యుమిన్ చేసే పనుల్లో చాలావాటికి శక్తి తక్కువ.

ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. రక్త నమూనాకు ఒక ఎంజైమ్ కలిపితే ఆ తగిలించిన ముక్క ఊడిపోయి, మళ్లీ కర్క్యుమిన్‌లా కనబడుతుంది. అప్పుడు అంకె అమాంతం పెరుగుతుంది. 'మా క్యాప్సూల్ ఇన్ని రెట్లు ఎక్కువ ఒంటబడుతుంది' అనే ప్రకటనల్లో కొన్ని ఈ కొలత మీదే నిలబడ్డాయి. కొలిచింది విడి కర్క్యుమిన్‌నా, మొత్తాన్నా అని చెప్పని ప్రకటనను నేను లెక్కలోకి తీసుకోను.

మిరియాల సంగతీ అడుగుతారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో, మిరియాల్లో ఉండే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే, ఒంటికి అందింది సుమారు 20 రెట్లు పెరిగింది. మంచి పరిశోధనే. కానీ మొదట ఉన్నదే అతి స్వల్పం కదా, దాన్ని 20తో హెచ్చించినా పెద్ద మొత్తం కాదు. పైగా పైపరిన్ అడ్డుపడేది మందుల్ని విరిచే ఎంజైములకే. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు కూడా దానివల్ల రక్తంలో పెరిగినట్టు కొలతలున్నాయి. కీమోథెరపీ మందుల్లో చాలావాటికి మోతాదులో చిన్న తేడా కూడా ప్రమాదమే.

ఆశ ఎక్కడుందో కూడా చెప్పాలి. పెద్దపేగుకు చేరడానికి కర్క్యుమిన్ రక్తంలోకి రానక్కర్లేదు. లెస్టర్ వాళ్లే 2005లో, ఆపరేషన్‌లో తీసిన పేగు కణజాలంలో దాన్ని కొలిచి చూపించారు. పరిశోధన సాగాల్సింది ఆ దారిలోనే అని నా నమ్మకం.

కూరలో వేసుకునే పసుపుకు భయపడొద్దు. పసుపు క్యాప్సూళ్లు మాత్రం వేరే సంగతి. అమెరికాలో వాటివల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని వైద్యులు నమోదు చేశారు. మీ ఇంట్లో ఎవరైనా క్యాన్సర్ చికిత్సలో ఉండి అవి వాడుతుంటే, రేపే ఆ సీసా తీసుకెళ్లి మీ డాక్టరుగారికి చూపించండి.