పురుగుకీ ఓ వాటా



పత్తి పురుగు గొడవ మనకెందుకనుకోకండి. మనం కట్టే చీర, పసివాడి పక్కబట్ట ఆ పత్తివే. చేలో దాన్ని ఏరేది చాలావరకూ ఆడవాళ్ళే. గులాబీరంగు పురుగు కాయలో దూరి గింజ తింటే దూది మచ్చలుపడి ధర పడిపోతుంది.

కాయతొలుచు పురుగుల కోసమే మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతిచ్చారు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో పెట్టారు. తిన్న పురుగు చస్తుంది. ఎక్కడో ఒకటీ అరా మాత్రం చావదు. అలాంటి రెండు జతకడితే పిల్లలన్నీ మొండివే! అందుకే విత్తనాలతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. అక్కడ పెరిగిన మామూలు పురుగుతో మొండిది కలిస్తే పిల్లలు బీటీకి లొంగుతాయి. పురుగుకి మేత వేయడమేమిటని చాలామంది ఆ పొట్లం పక్కన పడేశారు. అప్పుచేసి సాగుచేసే రైతును ఏమనగలం, చెప్పండి?

2009లో గుజరాత్ చేలల్లో ఏరిన పురుగులు బీటీని తట్టుకున్నాయని తేలింది. రెండు జన్యువులతో 2006లో వచ్చిన రకం మీద కూడా 2015లో అక్కడ పురుగు విరివిగా కనిపించింది.

నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థవారు ఊరూరి పురుగుల్ని తెచ్చి, బీటీ విషం కలిపిన మేత పెట్టి, ఎన్ని బతికాయో లెక్కవేస్తారు. చేలో రైతు లెక్క వేరు. లింగాకర్షక బుట్టలో ఆడపురుగు వాసన ఉంటుంది, మగవి వచ్చి పడతాయి. వరసగా మూడు రాత్రులు బుట్టకి 8 చొప్పున పడితే మందు కొట్టాల్సిందే. విచ్చుకోని గుడ్డిపూలు ఏరేయాలి, పచ్చికాయలు చీల్చి చూడాలి. బియ్యంలో పురుగు పట్టే మన కళ్ళకి ఇదేం కొత్త! పంటయ్యాక పత్తికట్టె చేలో ఉంచకూడదు. మిగిలిన కాయల్లోనే పురుగు వచ్చే ఏటిదాకా దాక్కుంటుంది.