నీటి తీరువ, కాలువ లెక్క



నీటి తీరువ నిచ్చుట మన రైతులకు క్రొత్త గాదు. తరి భూమికిని ఖుష్కీ భూమికిని శిస్తు వేఱనియు, ఆబీ పంటకును తాబీ పంటకును దర వేఱనియు మీ తాతల నాటినుండియు ఎఱిగినదే. అయినను తీరువ యనగానే గ్రామమున గొణుగుడు బయలుదేరును. సొమ్ము హెచ్చని మాత్రమే కాదు. ఇచ్చిన సొమ్మెచటికి బోయినదో, వ్రాసిన విస్తీర్ణము నిజమో కాదో తెలిసికొనుటకు దారి లేదని రైతు తలచుటయే దానికి మూలము. నేడు దీనిని గూర్చియే మనవి చేసెదను.

నిజాంసాగరమునే తీసికొనుడు. 1923లో మొదలిడి 1931 నాటికి మంజీరానదిపై నిర్మించిన యీ జలాశయము 2,75,000 ఎకరములకు నీరిచ్చుటకై యుద్దేశింపబడినది. కట్టిననాడు దీనిలో 29.7 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. ఆ శతకోటి కొలతనే యిపుడు టి.ఎం.సి. యందురు. 1973 నాటికి అది 11.8 మాత్రమే యని తేలినది. తక్కిన చోటును పూడిక ఆక్రమించినది. తరువాత తలుపుల నెత్తు చేసి 17.8 వరకు దెచ్చిరి. ఎగువన సింగూరు జలాశయమును గట్టి హైదరాబాదు నగరమునకు త్రాగునీరు గొనిపోవుటయు జరిగినది. ఇట్టి కొరత యందఱిపైనను సమముగా బడదు. కాలువ చివర ముందు దగులును. మొదటి తూము క్రింది రైతు రెండు పంటలు దీయగా, చివరి రైతు కొన్నాళ్లు ఆకాశము జూచి పిదప బోరు వేయించుకొనును. అట్టివాని పొలమునకును కాగితమున కాలువ పారుదలయని వ్రాసియున్నచో, అతడు తీరువ లెక్క నెట్లు నమ్మును?

భాషాంతరీకరణము నా వృత్తి గనుక ఒక మాట చెప్పెదను. పన్ను వేఱు, రుసుము వేఱు. పన్నిచ్చినవాడు దానికి బదులేమి యిచ్చితిరని యడుగజాలడు; రుసుమిచ్చినవాడడుగును. ఆంధ్రప్రదేశమున 1988లో వచ్చినది నీటిపన్ను చట్టము. రైతు మాత్రము దానిని నీటి వెలగానే యెంచెను. ఒకే సొమ్మును ప్రభుత్వ మొక పేరుతోను రైతు మఱియొక పేరుతోను జూచుటచే సగము వివాదములు పుట్టినవి. రైతు పెట్టిన పేరే నాకు న్యాయముగా దోచును.

1996-97లో దరలు ఒక్కసారిగా సుమారు మూడింతలైనవి. పెద్ద కాలువల క్రింద మొదటి వరిపంటకు ఎకరమునకు 200 రూపాయలు. దీనికి రైతులను సమ్మతింపజేయుటకు ప్రభుత్వమేమి చేసినది? 1997లో రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టమును దెచ్చి, ఆ జూను నెలలో 10,292 నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపినది. తీరువలో గొంత భాగము అదే కాలువ మరమ్మతునకై సంఘము చేతికి మరల వచ్చునని మాట యిచ్చినది. అజమాయిషీని రెవెన్యూవారును, నీటిపారుదల శాఖవారును, సంఘమువారును గలిసి చేయు నేర్పాటు గూడ నయ్యెను. ఇది చిన్న సంగతిగా దోచును గాని, నా యభిప్రాయమున సారమంతయు దీనియందే యున్నది. ఒక్క గిర్దావరు వ్రాసిన యెకరములను రైతు శంకించును. ముగ్గురు గట్టున నిలిచి, పదిమంది చూచుచుండగా వ్రాసిన దానిని శంకించుట కష్టము. లెక్కకు రాకుండ తప్పించుకొన్న పొలమును సంఘమువా డెఱుగును. నీరు చేరని పొలమును గూడ నతడే యెఱుగును. మరమ్మతు సొమ్ము ఆలస్యమై, ఎన్నికల గడువు దాటిపోయిన చోట్ల మాత్రము సంఘము పేరునకే మిగిలెను.

నీటిని గాపాడు నిబంధనలకును ఇదే న్యాయము. 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షముల చట్టమును వాడుకలో వాల్టా యందురు. బావులను నమోదు చేయింపవలెననియు, ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల సామాన్యముగా క్రొత్త బావి త్రవ్వరాదనియు అది విధించినది; చెట్లు నఱకుటకును ఇసుక త్రవ్వుటకును కట్టడి చేసినది. ఇవి యక్కఱలేని కట్టుబాటులు గావు. ఎగువ భూములలో చెట్టు పోగా కొట్టుకొనివచ్చిన మన్నే కదా జలాశయమున పూడిక యగుట! మంజీర పుట్టిన బాలాఘాటు కొండలు మహారాష్ట్రమున నున్నవి గనుక అచటి మన్నును మన చట్టమాపజాలదు. అది వేఱొక చిక్కు. కాని రాత్రివేళ ఇసుక లారీలు వాగును దోడుకొని పోవుట జూచిన రైతు, మఱునాడు తన బోరుబండి నాపిన యధికారిని గౌరవించుననుట దురాశ. నిబంధన మొదట బలవంతునిపై నమలుగావలెను.

మీవైపునను లోపము లేకపోలేదు. రాత్రి గట్టునకు గండి గొట్టుట, ఆఱుతడి పంటయని వ్రాయించి వరి నాటుట ఎవరెవరు చేయుదురో నాకంటె మీకే బాగుగ దెలియును. తీరువ మాఫీ యైనచోట రైతులు సంతోషింతురు, నేనడ్డురాను. అయితే వెల యియ్యనివానికి సరకు కొఱత యడుగుటకు నోరు రాదని మాత్రము గమనింపుడు.

అజమాయిషీకి వచ్చిననాడు స్వయముగా పొలమున నిలువుడు. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, నీటి యాధారము, ఈ నాలుగును చదివించుకొని విన్న పిమ్మటనే చేవ్రాలు పెట్టుడు. నీరందనిచో పంట నిలిచియుండగనే వ్రాతమూలముగా దెలుపుకొని, ఆ యర్జీకి రసీదు పుచ్చుకొనుడు. కోత యైన పిదప జెప్పుకొన్నచో, విచారణకు వచ్చినవారికి కొయ్యకాళ్లు తప్ప మఱేమియు గనబడదు.