ఒకే నేరమునకు రెండు విచారణలా?

(కరోల్ బాగులో మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను న్యాయవాదిని గాను. బి. ఏ. పట్టము పుచ్చుకొని సెక్రటేరియటులో ఫైళ్ల నడుమ ఇరువది యేండ్లు గడపినవాడను. అయినను ఆదివారమునాడు అజ్మల్ ఖాన్ రోడ్డులో నలుగురు తెలుగువారు కలిసిరనిన, బదిలీలు, పెండ్లి సంబంధములు ముగిసిన వెంటనే ఒక ప్రశ్న తరచుగా వచ్చుచుండును: “కోర్టు వదలిపెట్టిన మనిషిని ఆఫీసువారు మరల పట్టుకొనుట యెట్లు న్యాయమండీ? ఒకే నేరమునకు రెండుసార్లా?” దీనికి సమాధానము చెప్పుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలసియున్నది. మొదటి విచారణ నిజముగా ముగిసినదా? అసలు అది విచారణయేనా?

జ్యూరీ సంగతితో ప్రారంభింతును. ఆంగ్లదేశపు పాత సంప్రదాయము ననుసరించి పండ్రెండుగురు పౌరులు ఏకకంఠముగా తీర్పు చెప్పవలెను. పదునొకండుగురు ఒకవైపునను, ఒక్కడు మరియొకవైపునను నిలిచినచో తీర్పు లేనట్లే. 1967 నుండి అచ్చట పదిమంది ఒప్పినను చాలునన్నారు. అమెరికాలో మాత్రము ఘోర నేరములకు ఏకాభిప్రాయము తప్పనిసరియని 2020లో గూడ సుప్రీంకోర్టు రామోస్ కేసులో స్థిరపరచినది. జ్యూరీ ఎంతకును తేలనిచో జడ్జి వారిని పంపివేయును. ప్రభుత్వము క్రొత్త జ్యూరీ యెదుట మరల విచారణ జరిపింపవచ్చును. ఇది ముద్దాయిని రెండవసారి ఆపదలో పడవేయుట కాదా? కాదని 1824లోనే పెరెజ్ కేసులో అచ్చటి సుప్రీంకోర్టు తేల్చినది. తీర్పే పుట్టలేదు గనుక మొదటి ఆపదయే ఇంకను సాగుచున్నదని తరువాతివారు వివరించిరి. తర్కము చక్కగానే యున్నది. బోనులో నిలిచినవానికి మాత్రము అది చల్లని మాట కాదు.

మన దేశములో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ఈ చిక్కును మరియొక విధముగా దాటినది. సెషన్సు కోర్టులలో జ్యూరీ సభ్యుల సంఖ్య బేసిగా నుండవలెనని నియమించినది. బేసి సంఖ్యయందు సరిసగము చీలిక యుండదు గదా! హైకోర్టు సెషన్సులో తొమ్మండుగురు కూర్చుండెడివారు. కనీస మార్గురు ఒకటిగా నుండి, జడ్జియు వారితో నేకీభవించిననే తీర్పు. లేనిచో జ్యూరీని పంపివేసి, మరియొక జ్యూరీచేత విచారింపజేయవలెను. అయితే “ఇతనిని మరల విచారింప నక్కరలేదు” అని జడ్జి తలచెనేని, ఆ మాటను అభియోగ పత్రముపై వ్రాసిన చాలును, అది నిర్దోషియని విడిచిపెట్టినదానితో సమానము. ఆ కోడంతటిలో నాకు మిక్కిలి నచ్చిన నిబంధన యిదియే. తెగని వ్యాజ్యమును దయతో తెగగొట్టు అధికారమును ఒక కలముపోటునకు ఇచ్చినారు.

జిల్లాలలో జ్యూరీ చీలకున్నను, జ్యూరీకిని జడ్జికిని నడుమ చిక్కు పడెడిది. నానావతి కేసు మీరందరు వినియుందురు. 1959 ఏప్రిల్ 27వ తేదీన బొంబాయిలో హత్య జరిగినది. తొమ్మండుగురు జ్యూరీ సభ్యులలో ఎనమండుగురు నౌకాదళాధికారి నానావతి నిర్దోషియనిరి. సెషన్సు జడ్జి మెహతా ఆ తీర్పును అంగీకరింపక, 307వ సెక్షను క్రింద కేసును హైకోర్టునకు నివేదించెను. 1960లో హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించినది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. “ఎనమండుగురు వదలిన మనిషిని మరల శిక్షించిరే!” యని జనులు వాపోయిరి. కాని చట్టము దృష్టిలో జ్యూరీ మాట అంతిమ తీర్పు కాదు. జడ్జి దానిపై తీర్పు వ్రాయలేదు గనుక నానావతి ఒక్క క్షణమైనను విడుదల పొందినవాడు కాడు. ఈ కేసువల్లనే మన జ్యూరీ పోయినదనుట అతిశయోక్తి. జ్యూరీని తీసివేయవలసినదని లా కమిషను 1958 నాటి 14వ నివేదికలోనే చెప్పియున్నది. 1974 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన క్రొత్త కోడులో దానికి చోటు లేదు.

ఇక మన ప్రశ్న. రాజ్యాంగము 20వ అధికరణము రెండవ ఖండములో ఒకే నేరమునకు ఒకసారికంటె మించి ప్రాసిక్యూషనును, శిక్షయు ఉండరాదని యున్నది. ఆ రెండును కలిసి యుండవలెను. శిక్ష లేక విడుదలయైనవానికి రక్షణ రాజ్యాంగమునుండి గాక చట్టమునుండి వచ్చును: మొదట 1973 కోడులోని 300వ సెక్షను, 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలోని 337వ సెక్షను. నిర్దోషియని వదలిన తీర్పుపై ప్రభుత్వము అప్పీలు చేయుట మన దేశమున రెండవ విచారణ కాదు. అదియు మొదటిదాని కొనసాగింపే. అమెరికాలో అట్లు చేయ వీలులేదు.

మనబోటివారికి ముఖ్యమైన కేసు ఢిల్లీదే. ఐ. సి. యస్. అధికారియు, వాణిజ్య పరిశ్రమల శాఖ కార్యదర్శియునైన ఎస్. ఏ. వెంకటరామన్‌పై 1850 నాటి చట్టము క్రింద బహిరంగ విచారణ జరిగినది. సాక్షులు ప్రమాణము చేసిరి, క్రాస్ పరీక్ష జరిగినది. చూచుటకు అచ్చముగా కోర్టువలెనే యుండెను. 1953 సెప్టెంబరులో ఆయనను ఉద్యోగమునుండి తొలగించిరి. తరువాత అవే ఆరోపణలపై పోలీసులు అభియోగపత్రము దాఖలు చేయగా, “ఇది రెండవసారి” యని ఆయన సుప్రీంకోర్టునకు పోయెను. 1954లో కోర్టు కాదన్నది. ఆ విచారణ ప్రభుత్వము తన ఉద్యోగిని ఏమి చేయవలెనో తెలిసికొనుటకే; నేరమునకు శిక్షించుటకు గాదు. ఉద్యోగము పోవుట చట్టము మాటలో శిక్ష కాదట! నెలజీతముపై బ్రదుకు కుటుంబములకు ఈ భేదము వివరించుట కష్టము.

అయితే తలుపు పూర్తిగా మూసికొనలేదు. మన చిత్తూరు సరిహద్దు దాటిన వెంటనే వచ్చు కోలారు గనులలో ఒక భద్రతాధికారి యింట 1985లో పోలీసులు సోదా చేసి, 4.5 గ్రాముల బంగారపు ముద్దయు, కొంత బంగారపు ఇసుకయు దొరికినవనిరి. సస్పెండు చేసిరి. జీవనభృతి ఈయలేదు, చేతిలో డబ్బులేక, ఆరోగ్యము చాలక, స్వరాష్ట్రమున నున్న ఆయన విచారణకు రాలేకపోయెను. 1986లో ఆయన లేకుండగనే విచారణ ముగించి తొలగించిరి. 1987లో క్రిమినల్ కోర్టు, సోదాయే రుజువు కాలేదని ఆయనను విడిచిపెట్టినది. రెంటను అవే సంగతులు, అదే సాక్ష్యము.

సాక్ష్యము చాలనందున కోర్టు వదలినంత మాత్రమున శాఖాపరమైన శిక్ష తానుగా రద్దు కాదు. కోర్టుకు సందేహమునకు తావులేని రుజువు కావలెను, ఆఫీసునకు సంభావ్యత చాలును. కాని ఈ కేసులో ఆ తొలగింపును నిలువనిచ్చుట అన్యాయమని సుప్రీంకోర్టు పలికినది. భృతి ఈయకుండ మనిషిని విచారణకు రమ్మనుటయు తప్పేయన్నది. ఉద్యోగమును, జీతపు బకాయిలను తిరిగి యిమ్మని ఉత్తరువు చేసినది. అది 1999వ సంవత్సరము. సోదా జరిగి అప్పటికి పదునాలుగేండ్లు.