నేల టికెట్టు మీద నిలిచిన నాటకం



రాయగడలో విజయనగరం వైపు పాసింజరు బండి ఎక్కితే, ఒడిశా సరిహద్దు దాటగానే జిమిడిపేట అని చిన్న స్టేషను వస్తుంది. కల్యాణసింగ్‌పూర్, తేరువళి నుంచి పార్వతీపురం, బొబ్బిలి చుట్టాలిళ్లకు వెళ్లే మనవాళ్లు ఆ బోర్డు చూసే ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న మన కోరాపుట్, రాయగడ ప్రాంతాలు అందులో చేరాయి. ఆ మరుసటి ఏడే, 1937లో, సరిహద్దుకు అటుపక్కన జిమిడిపేటలో ఒక నాటక సమాజం పుట్టింది. దాని పేరు శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. సురభి కుటుంబాల వారిది. ఆ సమాజం ఎనభై ఏళ్లు దాటినా నాటకాలాడుతూనే ఉంది. ఇన్నేళ్లూ దాన్ని ఎవరి డబ్బు బతికించింది? ఈ పూట మీతో చెప్పాలనుకున్నది అదే.

సురభి అన్నది కడప జిల్లాలో ఒక పల్లె. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి వేడుకకు తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కనబెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వాళ్లను నడిపించినవారు వనారస గోవిందరావు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో, వాళ్ల సమాజంలో ఆడవాళ్లు వేదిక ఎక్కారు. కుటుంబాలు పెరిగినకొద్దీ సమాజాలూ పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా ఉండేవి. ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వాళ్ల ఆదాయం సంగతి చూడండి. ఊరి చివర ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని డేరా వేస్తారు. దాన్ని వాళ్లు క్యాంపు అంటారు. నేల, బెంచి, కుర్చీ అని టికెట్లు. రోజుకో నాటకం: 'మాయాబజార్', 'లవకుశ', 'శ్రీకృష్ణలీలలు', 'పాతాళభైరవి'. కలెక్షను బాగుంటే నెలల తరబడి ఆ ఊళ్లోనే ఉంటారు, తగ్గితే సామాను సర్దుకుని ఇంకో ఊరు. సాయంత్రం గేటు దగ్గర టికెట్టు చింపేవాళ్లు, తెరలు రాసేవాళ్లు, లైట్లు చూసేవాళ్లు, హార్మోనియం వాయించేవాళ్లు, రాత్రికి వేషం కట్టేవాళ్లు, అందరూ ఇంటి మనుషులే. పసిపిల్లలు నడక నేర్చేసరికి బాలకృష్ణుడి వేషానికి సిద్ధం. బయటి నుంచి కూలికి మనుషుల్ని పెట్టుకోవలసి వస్తే ఆ సమాజాలు అన్నేళ్లు నిలిచేవి కావని నా నమ్మకం.

అయినా ఖర్చు తక్కువేమీ కాదు. నారదుడు మబ్బుల్లోంచి దిగాలి. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని మెరవాలి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపడాలి. ఇదంతా తీగలు, కప్పీలు, తెరలు, వాటిని లాగే చేతుల పని. తెర చిరిగితే కొత్తది రాయించాలి. వాన కురిసిందంటే ఆ రాత్రికి కలెక్షను ఉండదు, ఇంటిల్లిపాదికీ అన్నం మాత్రం ఉండాలి.

పల్లెటూరి వీధి నాటకానికి డబ్బు కూడే తీరు వేరు. కోతలయ్యాక కమిటీ పెద్దలు ఇల్లిల్లూ తిరుగుతారు. డబ్బున్నవాళ్లు డబ్బిస్తారు, లేనివాళ్లు ధాన్యం కొలుస్తారు. ఆట మధ్యలో చదివింపులు: ఎవరు ఎంత ఇచ్చారో వేదిక మీద పేరుపెట్టి చదువుతారు. పది రూపాయలిచ్చిన ముసలమ్మ పేరు కూడా ఊరంతా వినేటట్టు చదువుతారు. చందాలు వసూలు చేసే పద్ధతుల్లో ఇంతకంటే మర్యాదైనది నాకు కనిపించలేదు. మన ఒడిశా పల్లెల్లో జాత్రా నాటకాల కమిటీలు ఇంకో అడుగు వేశాయి. నాటక పార్టీతో బేరం కుదుర్చుకుని, టికెట్లు అమ్మి, మిగిలిన సొమ్ముతో బడికో గుడికో గోడలు లేపుకున్నాయి.

రాజుల పోషణ లేదని కాదు. విజయనగరంలో ఆనందగజపతి అండతో జగన్నాథ విలాసినీ సభ వెలిసింది, 1892లో గురజాడ 'కన్యాశుల్కం' ఆడింది. మన జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత. ఆయన 1951లో పోయారు. ఆ రోజుల్లోనే జమీందారీలూ పోయాయి. సంస్థానాల మీద ఆధారపడ్డ కళలు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. నేల టికెట్టు మీద ఆధారపడ్డ సురభి నిలిచింది.

సినిమా వచ్చాక, ఆపైన టీవీ వచ్చాక, ఆ టికెట్టూ చాలకుండా పోయింది. కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటు కొంత ఆదుకుంది. కొత్త నాటకానికి నెలల రిహార్సలు కావాలి. ఆ నెలల్లో గేటు దగ్గర రాబడి ఉండదు. అందుకే 1990లలో దర్శకుడు బి.వి. కారంత్ సురభివాళ్లతో 'భీష్మ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించినప్పుడు వెనక సంస్థల సాయం అవసరమైంది. జిమిడిపేట సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ) గారిని 2013లో పద్మశ్రీ వరించింది. 2022లో ఆయన కన్నుమూశారు. బిరుదు గౌరవమే. క్యాంపుకు స్థలం అద్దె, లారీ కిరాయి మాత్రం రోజూ వేరే వెతుక్కోవలసిందే.

కల్యాణసింగ్‌పూర్ వంటి ఊళ్లలో కువి, ఒడియా, తెలుగు మూడూ వినబడతాయి. అక్కడ ఒక నాటక బృందం నిలబడాలంటే పెద్ద దాత కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. నూరు ఇళ్లు ఏడాదికోసారి తమకు తోచింది ఇస్తే తెరలు, దీపాలు, మైకుసెట్టు సమకూరుతాయి. వసూలైన ప్రతి రూపాయీ, ఖర్చైన ప్రతి రూపాయీ ఆట రోజున వేదిక మీద చదవండి. లెక్క తెలిసిన ఊరు మరుసటి ఏడు కూడా ఇస్తుంది.

ఇక నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో నాటకం ఆడితే పాసు అడగకండి. టికెట్టు కొని, ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్లండి.