పెనుకొండ ఆసుపత్రిలో ఆ 12 ఉద్యోగాలు ఎవరివి?

 

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు, మనకు తోడుగా నిలబడిన మిత్రులకు నమస్కారం. మీలో జీఎన్ఎం చదివినోళ్లు, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నోళ్లు చానామంది ఉండారు. అందుకే ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడతా. వైద్య రంగంలో తెస్తున్న మార్పుల వల్ల మన నర్సుల ఉద్యోగాలు ఏమవుతాయి?

మన తండాల్లో ఇంటర్ అయిపోయిన ఆడపిల్లను నర్సింగ్‌లో ఎందుకు చేరుస్తారు? అమ్మానాయన బెంగుళూరుకు కూలికి పోయి, ఫీజు కట్టి చదివించేది ఎందుకు? బిడ్డ తెల్ల కోటు వేసుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో నిలబడుతుందని. ఆ ఆశ నిలబడేది దేని మీద? రిజర్వేషన్ మీద. ఇది ముందు అర్థం చేసుకోవాల.

మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పాడేరు, రంపచోడవరంలో ఉన్న ఐదో షెడ్యూల్ రక్షణలు శ్రీ సత్యసాయి జిల్లాలో లేవు. ఆ ప్రాంతాల్లో కూడా టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనకు ఉన్నదల్లా ప్రభుత్వ ఉద్యోగాల్లో 6 శాతం. వంద పాయింట్ల రోస్టర్‌లో 8, 25, 33, 58, 75, 83 – ఈ ఆరు పాయింట్లు ఎస్టీలవి. ప్రభుత్వ పోస్టు ఉంటేనే రోస్టర్ ఉంటుంది. పోస్టు పోతే రోస్టర్ కూడా పోతుంది. ఎవరూ మన రిజర్వేషన్ రద్దు చేయాల్సిన పని లేదు, పోస్టును ప్రైవేటుకు అప్పజెబితే సాలు.

ఇప్పుడు పెనుకొండకు వద్దాం. రాష్ట్రంలో తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో పెనుకొండ ఒకటి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 10 కాలేజీలను పీపీపీ పద్ధతిలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించింది. ఆ పదిలో పెనుకొండ ఉంది. డబ్బు కొరత ఉంది, కాలేజీలు తొందరగా పూర్తవుతాయి, ఆస్తి ప్రభుత్వానిదే అని సర్కారు చెబుతోంది. సీట్ల గురించి, ఫీజుల గురించి అన్ని పార్టీలూ మాట్లాడినాయి. నర్సుల గురించి మాట్లాడినోళ్లు మాత్రం తక్కువ.

చిన్న లెక్క వేద్దాం. 150 సీట్ల మెడికల్ కాలేజీ నడవాలంటే 600కు పైగా పడకల ఆసుపత్రి ఉండాల. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలనేది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్కన తక్కువలో తక్కువ 200 మంది నర్సులు. అందులో 6 శాతం అంటే 12 మంది ఎస్టీ బిడ్డలు. 12 అంటే చిన్న అంకె అనుకోవద్దు. మన తండాల్లో 12 ఇళ్లకు నెలనెలా జీతం, వలస ఆగడం, గోర్ బోలీలో నొప్పి చెప్పుకునే అవ్వకు వార్డులో అర్థం చేసుకునే మనిషి దొరకడం. ఆసుపత్రిని ప్రైవేటు సంస్థ నడిపితే, నియామకాలు ఆ సంస్థవైతే, ఈ 12 ఎవరివి? ఒప్పందంలో రాయకపోతే ఎవరివీ కావు.

“స్థానికులకే ఉద్యోగాలు ఇస్తారులే” అని కొందరు అంటారు. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది నిజమే. కియా ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఆ మాట మనం బాగా విన్నాం. కానీ స్థానికత వేరు, రిజర్వేషన్ వేరు. ఆ 75లో ఎస్టీలు ఎంతమంది అని అడిగే హక్కు ఆ చట్టం మనకు ఇయ్యలేదు.

రెండో మార్పు కాంట్రాక్టు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక ఊళ్లల్లో హెల్త్ క్లినిక్కులు పెట్టి, బీఎస్సీ నర్సింగ్ చదివినోళ్లను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా తీసుకున్నారు. మంచి పని, ఊరికి వైద్యం దగ్గరైంది. నర్సులకు వేల ఉద్యోగాలు వచ్చినాయి. అయితే అవి కాంట్రాక్టు ఉద్యోగాలు. 2025లో ఆ సీహెచ్‌ఓలే రెగ్యులర్ చేయమని, పీఎఫ్ ఇవ్వమని రోడ్డెక్కినారు. ఇంకొక సంగతి, జీఎన్ఎం మాత్రమే చదివిన అమ్మాయికి మన దగ్గర ఆ తలుపు మూసే ఉంది. ఇంట్లో చెల్లెలు నర్సింగ్‌లో చేరుతానంటే ఈ తేడా ముందే చెప్పండి.

మూడోది ప్రైవేటు జీతం. నాకు తెలిసిన ఒక చెల్లెలు జీఎన్ఎం చేసి ఒక నర్సింగ్ హోములో 12 గంటల డ్యూటీ చేస్తాంది. జీతం 10 వేలు. సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గరే. ఇది ఆమె ఒక్కదాని కథ కాదని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తాంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఏం చెప్పిందో వినండి. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇయ్యాల. 50 పడకల లోపు ఉన్నా 20 వేలకు తగ్గకూడదు. అమలు చేయమని రాష్ట్రాలకు కేంద్రం లేఖ కూడా రాసింది. ఆ 20 వేలు ఈ రోజుకీ మన పిల్లలకు అందలేదు.

మరి ఏం చేయాల?

ఒకటి, పీపీపీ ఒప్పందంలో నర్సులు, టెక్నీషియన్లు, నాలుగో తరగతి ఉద్యోగాలన్నింటికీ రూల్ ఆఫ్ రిజర్వేషన్ రాయాలని అడగాల. ఎవరిని అడగాలో వెతుక్కోనక్కర్లేదు. వైద్యారోగ్య మంత్రి సత్యకుమార్ యాదవ్ గారు మన ధర్మవరం ఎమ్మెల్యే. పెనుకొండ ఎమ్మెల్యే సవిత గారు కూడా మంత్రే. ఇద్దరికీ వినతిపత్రం ఇద్దాం, తీసుకున్నట్టు సంతకం అడుగుదాం.

రెండు, మన జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుల రోస్టర్ రిజిస్టర్ నకలు సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఎస్టీ పాయింట్లలో ఎన్ని నింపినారు, ఎన్ని బ్యాక్‌లాగ్ ఉన్నాయో కాగితం మీద తేలాల.

మూడు, చదువు అయిపోయిన ప్రతి ఒక్కరూ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, గడువు దాటకుండా చూసుకోండి. మెరిట్ లిస్టు పెట్టిన రోజే చూడండి. తప్పుంటే గడువు లోపల అభ్యంతరం రాసి ఇయ్యండి. రాయడం రాకపోతే మేము కూర్చుని రాసిస్తాం.

నాలుగు, ప్రైవేటులో పనిచేసే అక్కలు ఒంటరిగా ఉండొద్దు. ఊరికొక సంఘం పెట్టుకుందాం. జీతం చీటీ, డ్యూటీ చార్టు దాచిపెట్టుకోండి, రేపు లేబర్ ఆఫీసులో అవే సాక్ష్యం.

ఆసుపత్రి కట్టొద్దని మనం అనడం లేదు. పెనుకొండలో పెద్దాసుపత్రి కావాలనే మన కోరిక. అర్ధరాత్రి పురుటి నొప్పులొస్తే అనంతపురం దాకా పరిగెత్తేది మన ఆడబిడ్డలే. ఆ ఆసుపత్రి మంచాల మీద మనముంటాం, మంచాల పక్కన నర్సులుగా కూడా మన బిడ్డలు ఉండాల. ఒప్పందం కాగితం మీద సంతకాలు పడకముందే అడిగితే అది హక్కు అవుతుంది, పడినాక అడిగితే బతిమాలుకోవడం అవుతుంది.

వినతిపత్రం ఇక్కడే ఉంది. పోయేటప్పుడు అందరూ సంతకం చేసి పోండి.

జోహార్!