బల్లకు అవతలి మనిషి
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, ఏ విషయం మీద అని అడిగినాను. "నీకు తెలిసినదే చెప్పవయ్యా" అన్నారు. మెట్రిక్ తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. కావ్యాలను గురించి మాట్లాడేందుకు ఈ సభలో నాకంటె అర్హులు చాలామంది ఉన్నారు. నాకు తెలిసినవి రెండే: ఒకటి ఆఫీసు, రెండవది టీవీ. ఆ రెండూ ఒకచోట కలిసిన విషయమునే ఎంచుకొన్నాను. అది ‘ఆఫీస్ ఆఫీస్’ అనే హిందీ హాస్య నాటకం.

ఇంతకుముందే పంతులుగారు పంచాంగం చదివి, ఎవరి రాశికి రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో చెప్పినారు. ఈ 2026 ఉగాదితో వచ్చినది పరాభవ నామ సంవత్సరం. పేరు విని బెదరనక్కరలేదు. ఆ నాటకంలోని కథానాయకుడు ముసద్దీలాల్ కు ఏటేటా పరాభవ నామ సంవత్సరమే. రాజపూజ్యం సున్న, అవమానం ఏడు. అయినా మరునాడు సంచీ పట్టుకొని మళ్ళీ ఆఫీసుకు బయలుదేరుతాడు. అతని గొప్పతనమంతా ఆ బయలుదేరుటలోనే ఉన్నది.

ఈ ధారావాహిక 2001లో సబ్ టీవీలో మొదలైనది. దర్శకుడు రాజీవ్ మెహ్రా. రచయిత అశ్వనీ ధీర్. ముసద్దీలాల్ వేషం కట్టినవారు పంకజ్ కపూర్. 1985లో దూరదర్శన్ లో వచ్చిన ‘కరంచంద్’లో కేరెట్టు కొరుకుతూ నేరాలు శోధించిన డిటెక్టివు ఆయనే. తర్వాత ఇదే దర్శకుడు తీసిన ‘జబాన్ సంభాల్కే’లో వేరువేరు భాషలవారికి హిందీ నేర్పే మేష్టరు కూడ ఆయనే. పరాయిభాష నేర్చుకొనేవారి పాట్లు ఎట్లుండునో షోలాపూరు తెలుగువారికి ఒకరు చెప్పవలెనా?

‘ఆఫీస్ ఆఫీస్’ లోని ఏర్పాటు చాలా చిన్నది. ముసద్దీలాల్ కు ఏదో పని పడుతుంది. ఒకనాడు కరెంటు ఆఫీసు, ఒకనాడు ఆసుపత్రి, ఒకనాడు ఫించను ఆఫీసు. ఆఫీసు మారుతుంది గాని బల్లకు అవతల కూర్చున్నవారు మారరు. అదే భాటియా, అదే శుక్లా, అదే పటేల్, అదే ఉషాజీ, అదే పాండే. బోర్డు మీది పేరు ఏదైనా లోపలి మనిషి ఒక్కడే అని రచయిత ఇంత సులువుగా చెప్పినాడు.

ఆ ఐదుగురిని కొంచెం దగ్గరనుండి చూద్దాము. భాటియా (మనోజ్ పాహ్వా) నోరు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది, మాటతో కాదు, తిండితో. శుక్లా (సంజయ్ మిశ్రా) నోట తాంబూలం ఉంటుంది గాన అడిగినదానికి జవాబు రావడం కష్టం. పటేల్ (దేవెన్ భోజానీ) మహా తార్కికుడు. ఏది అడిగినా రెండు మార్గాలున్నవంటాడు. మొదటిదైతే చిక్కు లేదు, రెండవదైతే అందులో మళ్ళీ రెండు. ఇట్లా చీల్చుకొంటూ పోగా, వచ్చినవాడు తాను వచ్చిన పనే మరచిపోతాడు. ఉషాజీ (ఆసావరీ జోషీ) మాట తేనె వంటిది, పని మాత్రం చేతికి రాదు. పాండే (హేమంత్ పాండే) లోపలివారికీ బయటివారికీ నడుమ వంతెన. ఆ వంతెన మీద నడిచేందుకు టీనీళ్ళ పేరుతో సుంకం చెల్లించవలె.

గమనించండి, వీరిలో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. కత్తి పట్టినవాడు లేడు, గట్టిగా కసరినవాడు కూడ తక్కువే. ఒకరు "రేపు రండి" అంటారు. ఒకరు "ఆ బల్ల దగ్గర అడగండి" అంటారు. ఒకరు "ఒక్క కాగితం తక్కువైనది" అంటారు. ఒక్కొక్కరు చేసినది ఆవగింజంత. ఐదు ఆవగింజలూ కలిసేసరికి ముసద్దీలాల్ కు కొండంత అయినది. ఆ ఆఫీసులో ఎవరిని నిలదీసినా "నేనేమి చేసినానయ్యా?" అనగలరు. ఆ నాటకం నవ్విస్తూనే గుచ్చేది ఇక్కడనే.

ఆ రోజుల్లో నేను బడిపిల్లవాడను. ఇంటిల్లిపాదీ ఆ నాటకం చూచి పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వేవారము. మా నాయన ఒక్కడే నవ్వేవాడు కాడు. మిల్లులో పని మానిన తర్వాత తనకు రావలసిన నాలుగు డబ్బుల కోసం ఆయన ఒక ఆఫీసు చుట్టూ రెండేండ్లు తిరిగినాడు. "ఎందుకు నవ్వవు నాయనా?" అని అడిగితే, "వాళ్ళు అతణ్ణి పేరు పెట్టి, జీ అని పిలుస్తున్నారురా. నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు" అన్నాడు.

ఆ మాట నా చెవిలో ఉండిపోయినది. ఇప్పుడు నేనూ బల్లకు అవతలనే కూర్చున్నాను. పాసులు, సెలవులు, ఫించను కాగితాలు నా చేతిమీదుగా పోతవి. కాబట్టి గుమాస్తాల పక్షాన కూడ ఒక మాట చెప్పవలె. మేమందరము భాటియాలము కాము. ఒక ఖాళీ భర్తీ కాక ఇద్దరి పని ఒకడు చేసే చోట్లున్నవి. తప్పు కాగితం మీద సంతకం పెడితే రేపు సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు గుమాస్తాయే. అందుచేత భయపడి "కుదరదు" అనడం వానికి సులువు. కాని "కుదరదు" అనేదానికీ, "ఈ కాగితం తెస్తే కుదురుతుంది" అనేదానికీ ఖర్చు ఒక్కటే. రెండవ మాటతో ఎదుటివాని బస్సు ఛార్జీ, ఒక దినం కూలి మిగులుతవి.

ఈ కథ 2011లో సినిమాగా కూడ వచ్చినది. అందులో ముసద్దీలాల్ ఫించను తీసుకొనే బడిపంతులు. భార్య అస్థికలు పుణ్యతీర్థాలలో కలిపి తిరిగి వచ్చేసరికి ఆఫీసు పుస్తకాలలో అతడు చనిపోయి ఉన్నాడు. ఎదురుగా నిలబడి "నేను బ్రతికే ఉన్నానయ్యా" అంటే, "కాగితం చూపించు" అంటారు.

ఇది వట్టి కల్పన అనుకోవద్దు. ఉత్తరప్రదేశ్ లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ అనే ఆయనను బంధువులే భూమి కోసం రికార్డులలో చంపివేసినారు. 1975 నుండి 1994 వరకు ఆయన కాగితం మీద మృతుడే. తన పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకొని, తనవంటివారినందరిని కూడగట్టి ఒక మృతుల సంఘమే పెట్టినాడు. ఎన్నికలలో నిలబడినాడు. ఆయన కథ 2021లో ‘కాగజ్’ అనే సినిమాగా వచ్చినది.

ఇక మన ఇండ్ల సంగతికి వస్తాను. మన తాతలు తెలంగాణమునుండి మగ్గం పని తెలిసిన చేతులతో ఇక్కడికి వచ్చినారు. అక్కడ ఇంటిపేరు ముందొక అక్షరముగా ఉండి, పేరు తర్వాత వస్తుంది. ఇక్కడ ఇంటిపేరు, సొంతపేరు, ఆపైన తండ్రిపేరు లేక భర్తపేరు వరుసగా వ్రాస్తారు. అక్కడి బడి సర్టిఫికెట్టులో లక్ష్మమ్మ అయిన ఆడపడుచు ఇక్కడి రేషను కార్డులో లక్ష్మీబాయి అవుతుంది. పెండ్లి కాగానే తండ్రిపేరు పోయి భర్తపేరు చేరుతుంది. బ్యాంకు పుస్తకంలో ఒకటి, ఆధార్ కార్డులో ఒకటి. ఆమె బ్రతికినన్నాళ్ళు అడిగేవారు లేరు. భర్త పోయి ఫించను అడిగిననాడు ముగ్గురు లక్ష్ములు బయటపడతారు, ఏ లక్ష్మికి ఇవ్వవలెనో తెలియక ఫైలు నిలిచిపోతుంది. మనలో ముసద్దీలాలులు పుట్టేది ఇట్లాగే.

దీనికి మార్గాలు లేకపోలేదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినది. కేంద్రం ఆఫీసులకైతే 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చును. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వవలె. మన మహారాష్ట్రలో 2015లో ప్రజాసేవల హక్కు చట్టం చేసినారు. దాని క్రింద ప్రకటించిన పనులకు గడువు ఉన్నది, గడువు దాటితే అప్పీలు ఉన్నది. ఫించనుదారులు బ్రతికి ఉన్నట్లు కంప్యూటరు ద్వారా చూపే ‘జీవన్ ప్రమాణ్’ పద్ధతి 2014 నవంబరులో మొదలైనది. ఇక పాండేగారి సుంకం సంగతి. 2018లో చట్టం సవరించినప్పటినుండి లంచం ఇచ్చుట కూడ నేరమే. బలవంతం మీద ఇవ్వవలసివస్తే 7 రోజులలోగా అధికారులకు చెప్పినవారికి రక్షణ ఉన్నది.

అయితే చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, దరఖాస్తు వ్రాసే చేయి కావలె. అందుకని సంఘానికి నాదొక మనవి. నెలకొక ఆదివారం ఈ హాలులో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయండి. కాగితాలలో పేర్లు కలవనివారు, దరఖాస్తు వ్రాయడం రానివారు వచ్చి కూర్చుంటారు. మరాఠీ, ఇంగ్లీషు వ్రాయగల మన పిల్లలు ప్రక్కన కూర్చొని వ్రాసి పెడతారు. వారికి ఆఫీసు పద్ధతులు చెప్పడానికి నేను వస్తాను, నావంటి గుమాస్తాలు మన వాడలో ఇంకా ఉన్నారు, వారినీ తీసుకువస్తాను. ప్రతి ఇంటివారూ ఈ వారంలోనే తల్లిదండ్రుల కాగితాలన్నీ ఒక్కచోట పరచి, పేరు అన్నిటిలో ఒక్కటిగా ఉన్నదా లేదా చూచుకొనండి. మనిషి బ్రతికి ఉండగా దిద్దుకొనుట తేలిక.

ఆ బల్ల దగ్గరకు ఎవరు వచ్చినా ముందు కూర్చోమని, పేరు అడిగి, ఆ పేరుతో పిలుద్దాము. మా నాయనకు దక్కనిది అదే.